శనివారంలోగా చావవలసిన పురుగు

క్షయకు కొత్త మందు కనిపెట్టడం మహా కష్టమని మీకెవరైనా చెప్పి ఉంటే, ఆ చెప్పినవారు మా కేంద్రం గడప ఎన్నడూ తొక్కలేదన్నమాట. ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా తలలు పట్టుకుని కూర్చుని, యాభై ఏళ్లలో చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని మందులు తెచ్చారు. మేం ఒక్క వేసవిలో మూడు వందలు దాటించాం. వాటిలో కవర్లకు అంటించే జిగురు ఉంది, జనరేటరులో పోసే డీజిలు ఉంది, క్యాంటీను చారు ఉంది. ఒక్కటంటే ఒక్కటి విఫలం కాలేదు. నేను ఈ కేంద్రానికి పౌరసంబంధాల అధికారిని. నా మాటల్లో మామూలుగా కొంత అతిశయోక్తి ఉంటుంది. ఈసారి మాత్రం లేదు.

మా కేంద్రం ఊరి చివర కంకర మిషన్లకు పోయే దారిలో, ఛాతీ ఆసుపత్రి ప్రహరీని ఆనుకుని ఉంటుంది. పూర్వపు పేరు క్షయ ఔషధ పరిశోధన కేంద్రం. శ్రీ సర్వోత్తమరావుగారు డైరెక్టరుగా వచ్చిన మర్నాడే అది క్షయ ఔషధ శీఘ్ర పరిశోధన కేంద్రం అయింది. బోర్డు మీద చోటు లేక, 'శీఘ్ర' అనే మాటను వేరే రేకు మీద రాయించి మేకులు కొట్టించారు.

సర్వోత్తమరావుగారు అంతకుముందు బస్సులు నడిపే శాఖలో పెద్ద హోదా వెలగబెట్టారు. ఆయన హయాంలో ప్రయాణికులు ఎక్కినా ఎక్కకపోయినా బస్సు వేళకు కదిలేదట. ఆ శాఖవాళ్లు ఆయనకు ఘనంగా వీడ్కోలు చెప్పారు. ఎంత ఘనంగా అంటే, ఆయన తిరిగి రాకుండా ఊరు దాటేదాకా దిగబెట్టారు.

వచ్చీ రాగానే శాస్త్రవేత్తలందరినీ సమావేశపరిచి, 'వారం వారం విజయం' అనే పథకం ప్రకటించారు. 

"ఇకమీదట ప్రతి ప్రయోగమూ సోమవారం ఉదయం ప్రారంభమై శనివారం మధ్యాహ్నంలోగా విధిగా ముగియవలెను. శనివారం నాటికి ఫలితం ఎలా కనిపిస్తే అదే తుది ఫలితంగా పరిగణించబడును. ఆపై పురుగులను పెంచే పళ్లేలన్నీ ఆవిరి యంత్రంలో ఉడకబెట్టి, తదుపరి సోమవారానికి ఖాళీగా, పరిశుభ్రంగా సిద్ధం చేయవలెను. సందేహాలు ఉంటే అడగవచ్చును. ఉండకపోవడం అభిలషణీయం."

డాక్టర్ ఎస్తేరు రాణి చెయ్యెత్తింది. మా కేంద్రంలో నిజంగా మందు చేస్తున్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ పని సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను. క్షయ పురుగు తన చుట్టూ మైనంలాంటి గోడ కట్టుకుంటుంది. ఆ గోడ ఉన్నంతకాలం మామూలు మందులు దాన్ని ఏమీ చెయ్యలేవు. పురుగు లోపల ఒక ఎంజైము ఉంటుంది, ఆ గోడకు మేస్త్రి అదే. ఎస్తేరుగారు ఆ మేస్త్రి చేతులు కట్టేసే మందొకటి తయారు చేసింది. దాని పేరు నలభై ఒకటి. అంతకుముందు చేసిన నలభై ఎందుకూ పనికిరాలేదు కనుక ఆ పేరు. జంతువుల్లో పరీక్ష అయింది, ఆరోగ్యవంతులైన మనుషులకు హాని చెయ్యదనీ తేలింది. మిగిలింది ఒక్కటే. పాత మందులు వేటికీ లొంగని మొండి పురుగు మీద అది పనిచేస్తుందా లేదా అన్నది చూపించాలి. చూపిస్తే పట్నంలోని పెద్దాసుపత్రి ఒకటి రోగులకు ఇచ్చి చూడటానికి సిద్ధంగా ఉంది.

"చిన్న విషయమండీ," అంది ఎస్తేరుగారు. "ఈ పురుగు చాలా నెమ్మదండీ. మామూలు పురుగులు అరగంటలో ఒకటి రెండవుతాయి. ఇది రోజుకు ఒక్కసారి అయితే గొప్ప. పళ్లెం మీద కంటికి కనిపించేలా పెరగాలంటేనే నెల పైన పడుతుంది. మందు లేని పళ్లెంలో పెరగాలి, మందున్న పళ్లెంలో పెరగకూడదు. అప్పుడు కదండీ మందు పనిచేసిందని తెలిసేది? శనివారానికి ఏ పళ్లెంలోనూ ఏమీ కనిపించదు."

సర్వోత్తమరావుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. 

"డాక్టరుగారూ, ఆ పురుగు ఎక్కడ నివసిస్తోంది?"

"మన ల్యాబులోనండీ."

"అనగా ప్రభుత్వ ప్రాంగణంలో. ప్రభుత్వ విద్యుత్తుతో, ప్రభుత్వం సరఫరా చేసిన ఆహారంతో. అటువంటప్పుడు ప్రభుత్వ కాలపట్టిక దానికి వర్తించదని ఏ నిబంధన చెబుతోంది?"

అటువంటి నిబంధన ఎవరికీ గుర్తు రాలేదు. పురుగుకు వారం గడువు ఖాయమైంది.

మొదటి శనివారం రానే వచ్చింది. డైరెక్టరుగారు పరివారంతో ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డారు. అద్దం అవతల ఎస్తేరుగారు ముసుగులూ తొడుగులూ వేసుకుని పళ్లేలు ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. అన్నీ కడిగిన కంచాల్లా ఉన్నాయి.

"నలభై ఒకటి వేసిన పళ్లెంలో పురుగులేవీ?" అన్నారు డైరెక్టరుగారు.

"కనిపించవండీ."

"భేష్. ఆ పక్కది?"

"అది వట్టి నీళ్లు వేసిందండీ. పోల్చి చూడటానికి."

"అందులో పురుగులేవీ?"

"ఇంకా కనిపించవండీ. ఇంకో నెల..."

"అనగా నీళ్లు కూడా పనిచేశాయి."

"లేదండీ! పనిచెయ్యలేదు! పురుగు బతికే ఉంది, మనకు కనిపించే అంత పెరగలేదు!"

డైరెక్టరుగారు మావైపు తిరిగి, పిల్లలకు పాఠం చెప్పే పద్ధతిలో అన్నారు: "కనిపించనిది ఉన్నదనడం విశ్వాసం. కనిపించనిది లేదనడం విజ్ఞానం. డాక్టరుగారు తన ప్రయోగం పట్ల తానే ప్రతికూల వైఖరి ప్రదర్శిస్తున్నారు. రెండు పళ్లేలనూ విజయాలుగా నమోదు చేయండి."

ఆవిడ అద్దం మీద చేత్తో కొట్టింది. లోపలి మాట బయటికి వినిపించే గొట్టాన్ని ఎవరో అప్పటికే కట్టేశారు.

నీళ్లు నెగ్గాయని తెలిశాక మిగతా విభాగాలు ఊరుకుంటాయా? వానకు పుట్టగొడుగులు లేచినట్టు లేచారు శాస్త్రవేత్తలు. జమాఖర్చుల విభాగం జిగురు పంపింది. రవాణా విభాగం డీజిలు పంపింది. తోటల విభాగం వేపాకు దగ్గర ఆగక, గడ్డి కోసే యంత్రానికి పూసే గ్రీజు కూడా పంపింది. సోమవారం పళ్లెంలో వేస్తే శనివారానికి ఒక్క పురుగు కనిపిస్తే ఒట్టు. ఒక గుమాస్తా ఏదీ పంపలేక, వట్టి పళ్లెం మీద తన పేరు రాసి పంపాడు. అతని పేరు కూడా క్షయ మీద పనిచేసింది.

నేను ప్రకటన మీద ప్రకటన రాశాను. 'క్షయపై కేంద్రం దండయాత్ర', 'పరుగు తీస్తున్న పురుగు' లాంటి శీర్షికలు నావే. అవి బాగున్నాయని ఇప్పటికీ అంటాను.

ఆ రోజుల్లోనే ఒకసారి ఎస్తేరుగారి వెంట వెళ్తే, ప్రహరీ దగ్గర నర్సింలుతో పరిచయమైంది. ఆసుపత్రికీ మాకూ మధ్య గోడలో ఇనుప కమ్మీలున్న ఖాళీ ఒకటుంది. నర్సింలు కంకర మిషను దగ్గర రాళ్లు ఎత్తిన మనిషి. దుమ్ము తిని తిని రొమ్ము పాడైంది, దాని మీద క్షయ పట్టింది, ఉన్న మందులన్నీ మింగి చూశాడు, ఏదీ పట్టలేదు. ఎస్తేరుగారు పళ్లేల్లో పెంచుతున్న మొండి పురుగు అతని కఫంలోంచి తీసిందే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అతను దాన్ని సొంత మేకను గురించి అడిగినట్టు అడిగేవాడు. ముక్కూ నోరూ మూసే గుడ్డ మాత్రం ఎప్పుడూ తియ్యడు.

"మేడం, నా పురుగు సచ్చిందా?"

"ఇంకా తెలీదు నర్సింలూ."

"గదేంది? నిన్న మీ పెద్దసారు మైకుల చెప్పిండు గదా, అన్నీ సచ్చినయని."

ఎస్తేరుగారు నావైపు చూసింది. ఆ మైకులో చెప్పింది రాసిచ్చినవాణ్ణి నేనే. 

"ఆయన చెప్పిన వాటిలో నీది లేదు. నీది పెరగాలి, తరవాత మందుకి చావాలి. అప్పుడే పెద్దాసుపత్రి వాళ్లు ఒప్పుకుంటారు."

"ఒప్పుకుంటే ఫస్టు నా పేరే రాయున్రి మేడం. పురుగు నాదాయె. నా బిడ్డ పదోది సదువుతాంది. అది కాలేజికి పోయేదన్క నేనుంటే సాలు. ఎక్వేం అడుగుతలేను."

"నీ పేరే మొదట రాస్తాను," అంది ఆవిడ. మాటిచ్చేసి, ఇలా తిరిగి నడుస్తూ, "ఎక్కడ పెంచనండీ దాన్ని? శనివారం శనివారం ఉడకబెట్టేస్తున్నారు కదండీ," అని నాతో అంది. ఆ గొంతు విని నాకు మొదటిసారి నా శీర్షికల మీద అసహ్యం వేసింది.

ఇంతలో పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది: మూడు వందల మందులు కనిపెట్టారు సరే, రోగులకు ఏది ఇద్దాం? దీనికి డైరెక్టరుగారు తడుముకోలేదు. కొనుగోళ్ల నిబంధన ఉండనే ఉంది. సమాన సామర్థ్యం గల వస్తువులలో కనిష్ట ధర గలదానిని ఎంపిక చేయవలెను. ఔషధ ఎంపిక కమిటీ కూర్చుంది. అన్నిటి సామర్థ్యమూ నూటికి నూరే. ధర చూడటమే తరువాయి. నలభై ఒకటి మొదటి విడతలోనే కొట్టుకుపోయింది. చివరిదాకా నిలిచినవి రెండు: నీళ్లు, క్యాంటీను చారు. క్యాంటీను కాంట్రాక్టరు మొండివాడు. చారులో నీళ్ల పాలు పెంచుతూ, పప్పు తగ్గిస్తూ, పోపు మానేస్తూ నీళ్ల ధరకు బెత్తెడు దూరంలోకి వచ్చాడు గాని, కరివేపాకు దగ్గర ఓడిపోయాడు.

అలా నీళ్లు మందయ్యాయి. 'శీఘ్రజలం' అని పేరు పెట్టాం. ఛాతీ ఆసుపత్రిలో రోగుల మీద ప్రయోగం మొదలైంది. ఉదయం ఒక సీసా, సాయంత్రం ఒక సీసా. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టారు. మొదటి సీసా అందుకోవడానికి ముందుకొచ్చింది నర్సింలే.

"మేడం మందేనా సారూ?" అని అడిగాడు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టబోతూ.

"కేంద్రం మందు," అన్నారు డైరెక్టరుగారు. అది అబద్ధమని ఎవరూ అనలేరు.

నర్సింలు సంతకం పెట్టి, సీసా ఎత్తి గటగటా తాగాడు. కెమెరాలు మెరిశాయి. రుచి ఎలా ఉందని విలేకరి అడిగితే, "సల్లగున్నది," అన్నాడు.

ఆ సంగతి తెలిసి ఎస్తేరుగారు నా గదికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా అరగంట తిట్టింది. చర్చి మనిషి, తిట్లు రావు. 'సిగ్గు లేదా' అన్న మాటనే రకరకాలుగా అంది. నాకు మాత్రం అన్నీ తగిలాయి. ఆవిడ అలసిపోయాక ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాం. బయట మా పాత జీపు ఉంది. టైర్లు మట్టిలో కలిశాయి, బానెట్టు లోంచి రేగుచెట్టు మొలిచి కాయలు కాస్తోంది.

"ఆ జీపుని ఎందుకు తియ్యరండీ?" అంది ఏదో అడగాలని.

"తియ్యకూడదండీ. దాని మీద ఎప్పుడో విచారణ వేశారు. సీలు ఉంది. డైరెక్టర్లు మారారు గాని, దాన్ని ముట్టుకున్న మగాడు లేడు."

ఆవిడ జీపు వంక చాలాసేపు చూసింది. తరవాత నావైపు తిరిగింది. 

"మీ దగ్గర తెల్లకాగితం ఉందా?"

తెలుగునాట ఆకాశరామన్నకు ఉన్నంత పలుకుబడి మంత్రులకు లేదు. వాళ్ల ఉత్తరానికి జవాబు రాకపోవచ్చు గాని, ఆకాశరామన్న ఉత్తరానికి మనుషులే వస్తారు. ఎస్తేరుగారు తన మీద తానే ఆకాశరామన్న ఉత్తరం రాసుకుంది. పళ్లేలను వెచ్చగా ఉంచే మూడో నంబరు ఇంక్యుబేటరు కొనుగోలులో డాక్టర్ ఎస్తేరు రాణిగారు అక్రమాలకు పాల్పడ్డారని దాని సారాంశం. నేను చదివి తప్పులు దిద్దాను.

"మీరు మరీ మర్యాదగా రాశారండీ. ఆకాశరామన్న 'గారు' అనడు."

'గారు' కొట్టేసి, 'ఈమె ఆగడాలకు అంతు లేదు' అని నేనే ఒక వాక్యం చేర్చాను. సోమవారం ఉదయం ఆవిడ మూడో నంబరు ఇంక్యుబేటరులో పళ్లేలు సర్దింది. సగం నలభై ఒకటి వేసినవి, సగం నీళ్లు వేసినవి, అన్నిటా నర్సింలు పురుగే. ఆ వారం లోపలే విచారణాధికారి శ్రీ గరుడాచలంగారు లక్కా, దారం, గుడ్డ పట్టుకుని దిగారు.

గరుడాచలంగారు సన్నగా, పొడుగ్గా, నవ్వు అనే అలవాటు లేకుండా ఉంటారు. ల్యాబువాళ్లు ఇచ్చిన తొడుగులన్నీ వేసుకుని లోపలికెళ్లి, ఇంక్యుబేటరు అద్దం తలుపులోంచి చూసి పంచనామా రాయించారు. 'పళ్లేలు కలవు. పళ్లేలలో ఏమీ లేవు.' తలుపుకు సీలు వేశారు. కరెంటు ఆపాలా అని మావాడొకడు అడిగాడు. 

"యథాతథ స్థితి అనగా యథాతథ స్థితి," అన్నారాయన. "జప్తు సమయమున స్విచ్చు వేసి ఉన్నది. కావున వేసియే ఉండవలెను. వెచ్చదనము ముప్పై ఏడు డిగ్రీలు ఉన్నది. కావున ఉండవలెను. కరెంటు పోయినచో జనరేటరు మీద నడపవలెను. మార్పు వచ్చినచో డైరెక్టరుగారే వ్యక్తిగతముగా బాధ్యులు."

ఆ మాటతో మూడో నంబరుకు పట్టిన రాజయోగం చూడాలి. కరెంటు పోతే డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ చీకట్లో కూర్చునేవారు గాని, ఇంక్యుబేటరుకు మాత్రం జనరేటరు తిరిగేది. శనివారం పళ్లేలు ఉడకబెట్టే దళం దాని ముందు నుంచి దండం పెట్టి వెళ్లిపోయేది. మన దేశంలో నెమ్మదిగా బతికే ప్రాణికి విచారణను మించిన ఆశ్రయం లేదు.

వేసవి పోయి వానలు పడ్డాయి. ఒకనాడు ఎస్తేరుగారు నన్ను ల్యాబు కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. అవతల, సీలు వేసిన అద్దం తలుపు వెనక, నీళ్లు వేసిన పళ్లేల నిండా గోధుమరవ్వ చల్లినట్టు పురుగు పెరిగింది. నలభై ఒకటి వేసిన పళ్లేలు ఖాళీగా ఉన్నాయి. ఇన్ని వారాల తరవాత కూడా ఖాళీగానే ఉన్నాయి. ఆవిడ కళ్లు తుడుచుకుంది. సైన్సు రాని నాకు కూడా ఏడుపొచ్చింది.

అయితే కిటికీలోంచి చూసి ఏడిస్తే పెద్దాసుపత్రి ఒప్పుకోదు. పళ్లేలు బయటికి తీసి, ఒక్కొక్కటి పరీక్షించి, లెక్క పంపాలి. సీలు విప్పమని అర్జీ పెట్టాం. గరుడాచలంగారు వచ్చారు, చూశారు, పాత పంచనామా తీసి చదివారు, మళ్లీ చూశారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే డైరెక్టరుగారి సమక్షంలో విచారణ ఏర్పాటు చేశారు.

"జప్తు సొత్తు పెరిగినది," అన్నారు. "నా యావత్తు సర్వీసులో జప్తు చేసిన సొత్తు తగ్గడం చూశాను. బియ్యం తగ్గినవి. గంధపు చెక్కలు తగ్గినవి. ఒకసారి ఏనుగు దంతం తగ్గినది. తగ్గినదానికి నిబంధన కలదు, ఎలుకలు అని రాస్తాము. పెరిగినదానికి నిబంధన లేదు!"

"పురుగు పెరిగిందండీ," అంది ఎస్తేరుగారు. "బతికున్నది పెరుగుతుంది. నీళ్లకి అది చావలేదు. నలభై ఒకటికి చచ్చింది. మీరు చూస్తున్నది అదేనండీ!"

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "అసంభవం. శీఘ్రజలం సామర్థ్యం శనివారం నాడే నిరూపించబడినది. కావున ఇది కేంద్రం కీర్తి ఓర్వలేని దుష్టశక్తులు బయటి నుండి పురుగులను తెచ్చి ప్రవేశపెట్టిన కుట్ర."

"సీలు చెక్కు చెదరలేదు కదండీ!"

"అది కుట్ర ఎంత లోతైనదో తెలుపుతున్నది," అన్నారు గరుడాచలంగారు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "అక్రమ ప్రవేశం. సొత్తును పూర్వస్థితికి తేవలెను. సోమవారం పళ్లేలన్నిటినీ ఉడకబెట్టి ఖాళీ చేసి, తిరిగి సీలు వేయబడును. అయితే విధి ప్రకారం ఒక ప్రశ్న అడగవలసి ఉన్నది. అధికముగా కనుగొనబడిన సొత్తుకు హక్కుదారులు ఎవరైనా ఉన్నచో సోమవారంలోగా హాజరై చెప్పుకొనవచ్చును."

చెప్పుకొనేవారు ఉండరని ఆయన ధీమా. నేను ఆ సాయంత్రమే ప్రహరీ దగ్గరికి వెళ్లాను.

సోమవారం సమావేశ మందిరంలో నర్సింలు వచ్చి నిలబడ్డాడు. చిక్కి సగమయ్యాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తలుపు దగ్గరే, కిటికీ పక్కన నిలబడ్డాడు.

"ఆ పురుగులు నాయి సార్."

గరుడాచలంగారు కలం ఎత్తారు. "నీవని ఆధారమేమి?"

"నా రొమ్ములకెల్లి తీసిండ్రు. ఆసుపత్రిల అడుగున్రి."

"అది వాంగ్మూలం. ఆధారం కాదు. మేక పోయినవాడు మంద చూపిస్తాడు. ఇదే జాతి పురుగులు నీ వద్ద ఇంకనూ ఉన్నట్లు ఈ సభాముఖమున రుజువు చేయగలవా?"

నర్సింలు చెయ్యెత్తి, చెవి వెనక గుడ్డ ముడి మీద వేలు పెట్టాడు. 

"దగ్గి సూపియ్యాల్నా సార్?"

గరుడాచలంగారి కుర్చీ గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. అటు చూసేసరికి డైరెక్టరుగారి కుర్చీ ఖాళీగా ఉంది, వెనక తలుపు ఊగుతోంది. 

"వద్దు! వద్దు! హక్కు నిర్ధారణ అయినది! సొత్తు యజమానికి అప్పగించడమైనది!" అంటూ గరుడాచలంగారు నిలబడే సంతకం చేశారు.

నర్సింలు ముడి మీంచి చెయ్యి తీశాడు. అతను నిజంగా దగ్గేవాడు కాడు, కళ్లల్లో నవ్వు చూశాను. యజమానిగా అతను రాసిచ్చిన కాగితం ఇది: 'నా పురుగులు ఎస్తేరు మేడంకు ఇచ్చిన. ఆమె ఇష్టం.' 

ఎస్తేరుగారు పళ్లేలు తీసింది, పరీక్షించింది, లెక్క పంపింది. పెద్దాసుపత్రి మళ్లీ మళ్లీ ప్రశ్నలు వేసి, చివరికి సరేనంది. మొండి క్షయ రోగులకు నలభై ఒకటి ఇచ్చి చూస్తారు. మా పక్క ఆసుపత్రి నుంచి కొందరిని తీసుకుంటారు. ఆవిడ రాసి పంపిన పేర్లలో మొదటిది నర్సింలుది. ఆ రోజు ఆవిడ మా ఆఫీసంతా మిఠాయి పంచింది, డైరెక్టరుగారికి కూడా ఇచ్చింది. 

జవాబులో అన్ని పేర్లూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఏడాది లోపల మరో కొత్త మందు ప్రయోగంలో పాల్గొన్నవారిని తీసుకోవడానికి వీల్లేదని వాళ్ల నిబంధన. సీసాలు వార్డంతా తాగినా, కెమెరాల ముందు సంతకం పెట్టినవాడు నర్సింలు ఒక్కడే. ఆవిడ ఫోన్ చేసింది. అది మందు కాదండీ, నీళ్లండీ అని మొత్తుకుంది. అవతలి డాక్టరు మంచివాడే. మీ డైరెక్టరుగారి చేత అది మందు కాదని ఒక్క ముక్క రాయించి పంపండి, తీసుకుంటాం అన్నాడు. మీ కేంద్రం ప్రకటనలు చూస్తే మాత్రం అది మందని స్పష్టంగా ఉందన్నాడు. నా తెలుగు అంత స్పష్టంగా ఉంటుంది మరి.

ఇద్దరం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన శ్రద్ధగానే విన్నారు. 

"శీఘ్రజలం ఔషధం కాదని నా చేతితో నన్నే రాసిమ్మంటారా? జాతీయ పురస్కారానికి దాని పేరు వెళ్లి ఉంది. అయినా, ఏడాదే కదమ్మా? ఆ రోగిని ఏడాది ఓపిక పట్టమనండి."

వారానికి ఒక్క గంట ఎక్కువ ఇవ్వనన్న మనిషి ఆయనే. ఎస్తేరుగారు బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "అతనికి ఏడాది లేదండీ," అంది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆవిడ బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. నర్సింలుకు చెప్పడం నావల్ల కాదు, మీరు చెప్పండి అంది.

నేను వెళ్లేసరికి నర్సింలు కమ్మీల అవతల నేల మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే ఓపిక లేదు. 

"వచ్చిందా సార్, మందు?"

"వచ్చింది నర్సింలూ. మీ వార్డు వాళ్లకి వచ్చే సోమవారం నుంచి ఇస్తారు."

"అందర్కా?"

"అందరికీ. నీకు తప్ప."

అతను నా మొహంలోకి చూశాడు. నేను నిబంధన చెప్పాను. పత్రికలకు చెప్పినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"అంటే, ఆ నీళ్లు తాగినందుకా సారూ?"

"అవును."

అతనికి కోపం రాలేదు. దగ్గు తెర వచ్చింది. మొహం అటు తిప్పుకుని, గుడ్డ అదిమి పట్టుకుని దగ్గి, ఊపిరి అందాక ఇటు తిరిగాడు. 

"మరి నీళ్లు తాగనోన్ని యాడికెల్లి తెస్తరు సారూ?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను కమ్మీలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.